పేరు చూడని మనిషి

వడ్రంగి భార్యను చంపింది ఆమె తమ్ముడే. డాక్టర్లు రక్తంలో వచ్చిన జబ్బు అని రాశారు. వాళ్ళు రాయాల్సింది వాళ్ళు రాస్తారు. ఆమె ప్రాణం ఎవరి సంతకం దగ్గర తెగిందో వడ్రంగికి తెలుసు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. కూతురు ఒకసారి వాదించబోయి, తండ్రి దవడ బిగుసుకోవడం చూసి, మాట మార్చి, గ్యాస్ బండ వచ్చిందా అని అడిగింది.

ఆ తమ్ముడు ఇప్పుడు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. కారు, ముందొక మనిషి, వెనకొక మనిషి, పేపర్లో ఫోటో. అంతకు ముందు పేరున్న శాస్త్రజ్ఞుడు. గోదాముల్లో బంగాళాదుంపలు కుళ్ళకుండా ఆపే ఒక బూజును లోకానికి చూపించినవాడు. అంతకూ ముందు, వడ్రంగి ఇంటి ముందుగదిలో మడతమంచం మీద పడుకుని, వడ్రంగి కంచం పక్కన కంచం పెట్టుకుని తిని చదువుకున్న కుర్రాడు. అక్క వాణ్ణి "చిన్నోడు" అని పిలిచేది. ఊళ్ళో వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. అమ్మ పోయాక ఆ పేరు పిలవడానికి మిగిలింది అక్క ఒక్కతే.

వడ్రంగిదీ ఆ యూనివర్సిటీలోనే ఉద్యోగం. పల్లెటూరి బడిలో చదివినంత చదివి, ఉలి పట్టుకుని వచ్చాడు. అక్కడ అతని చెయ్యి పడని తలుపు లేదు, బల్ల లేదు. భార్య ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరి, కొన్నాళ్ళకు బూజుల గదికి పెద్దదిక్కయింది. అది పొడవాటి గది. చల్లటి గది. గోడలనిండా చెక్క స్టాండ్లు, వాటి రంధ్రాల్లో గాజు ట్యూబులు, ఒక్కో ట్యూబులో ఒక్కో రకం బూజు. చెట్ల మీదివి, మట్టిలోవి, పాత పుస్తకాల మీదివి, పుళ్ళ మీదివి. వాటికి మేత అయిపోక ముందే కొత్త ట్యూబులోకి మార్చాలి. లేకపోతే చస్తాయి. మార్చడమే ఆమె పని. పెళ్ళయిన కొత్తలో వడ్రంగి ఆమెకు నగలు చేయించలేకపోయాడు. టేకుముక్కతో ఒక ట్యూబుల స్టాండు చేసిచ్చాడు, అంచులకు పాలిష్ పట్టించి. ఆమె దాన్ని గదిలో తన బల్ల మీద పెట్టుకుంది. చివరిదాకా అక్కడే ఉంది.

యూనివర్సిటీ వాళ్ళు ప్రతి బూజుకూ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఆమె గాజు మీద రాసేది, ఎర్ర మైనపు పెన్సిల్‌తో. దాని కింద చిన్న కాగితం అంటించి, తను పెట్టుకున్న పేరు ఇంకు పెన్నుతో రాసేది. మొండిఘటం. అత్తగారు. నిద్రమొహం. పిలవని పేరంటం.

"నీకు పిచ్చి," అన్నాడు వడ్రంగి మొదటిసారి చూసి.

"నాకే కాదు. ఎక్కడి గదుల్లోనైనా ఇంతే. ఇంకో దేశం నుంచి ఒక ట్యూబు వచ్చింది, దాని కాగితంలో 'ముసలాయన గొడుగు' అని ఉంది. ఎవరో పెంచినామె పెట్టుకున్న పేరట. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో! ఎన్ని చేతులు మారినా మొదట పెంచినవాళ్ళ పేరు తీసెయ్యకూడదండీ. దాంతోపాటే పోవాలి. అది మా పద్ధతి."

"మనుషులకే అంత గతి లేదు," అన్నాడు వడ్రంగి.

బంగాళాదుంపల బూజు దొరికింది ఆ ఇంట్లోనే. వానాకాలం. చిన్నోడు ఏదో ఇంటర్వ్యూకి వెళ్ళడానికి వడ్రంగి తన తోలుబూట్లు ఇచ్చాడు. వాడు తడిసి వచ్చి, వాటిని మంచం కిందకి తోసి మర్చిపోయాడు. వాసన పట్టి లాగితే బూటు లోపలంతా బూడిదరంగు బొచ్చు. వాడు పారేయబోయాడు.

"ఆగరా, పారేస్తావేంటి. ఇలా ఇయ్యి," అంది అక్క.

"అక్కా, అది బూటు."

"నీకు బూటు. నాకు తోట."

సూదితో గీరి ట్యూబులో వేసింది. పెరిగింది. బంగాళాదుంప ముక్క మీద వేస్తే ఇటుకరంగు తిరిగింది. పక్కన కుళ్ళు తెచ్చే బూజు పెడితే అది దీని దగ్గరికి రాలేక ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తేల్చడానికి చిన్నోడికి యవ్వనమంతా పట్టింది. తేల్చాడు. వాడి వ్యాసం చివర అక్కకు కృతజ్ఞతలని చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. వడ్రంగి దానికి మొహం గంటు పెట్టుకుంటే ఆమే సర్దిచెప్పింది. "బూజు దొరకడం నా వంతు. అర్థం చేసుకోవడం వాడి వంతు. నన్నడిగితే నేను ఒక్క వాక్యం రాయలేను." నిజమే. ఆ విషయంలో వడ్రంగికి వాడి మీద కోపం లేదు. చనిపోయినామె ఒప్పుకున్నదాన్ని తను తవ్వడు.

ఆ బూజుకు ఆమె పెట్టిన పేరు "చిన్నోడు." తమ్ముడి కాళ్ళ కింద పుట్టింది కదా అని. తమ్ముడికి చెప్పలేదు. చెబితే నలుగురిలో పరువు పోతుందని గోల చేస్తాడని. పోనుపోను వాడు ప్రొఫెసరు, తర్వాత విభాగానికి పెద్ద, తర్వాత డీను. బూజుల గదిలోకి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి వాచీ చూసుకునేవాడు. ఆ పేరు వడ్రంగి ఇంట్లో, మొగుడూ పెళ్ళాల మధ్య మాత్రమే వినబడేది. కూతురికి కూడా తెలియదు.

"చిన్నోడికి ఒంట్లో బాలేదండీ. తెల్లగా పాలిపోయాడు."

"ఎవరికి? మీ తమ్ముడికా, బూజుకా?"

"బూజుకే. తమ్ముడికేం రోగం, గుండ్రాయిలా ఉన్నాడు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. వడ్రంగి నవ్విన రోజులు కూడా ఉన్నాయి.

చిన్నోడు వైస్ ఛాన్సలర్ అయిన మరుసటేడు ప్రభుత్వం నిధులు కోసింది. కొన్ని గదులు, కొన్ని విభాగాలు మూసెయ్యాలి. ఏది మూసినా, తనవాళ్ళను వదిలి పరాయివాళ్ళను కోశాడంటారు. వీసీకి తన పాత ల్యాబ్ పద్ధతి గుర్తొచ్చింది. మందును పరీక్షించేటప్పుడు ఏ పళ్ళెంలో మందుందో, ఏ పళ్ళెంలో ఉత్త నీళ్ళున్నాయో లెక్కపెట్టేవాడికి చెప్పరు. పేర్లు దాచి నంబర్లు వేస్తారు. పేరు తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. పళ్ళేలకు పనికొచ్చిన పద్ధతి మనుషులకు ఎందుకు పనికిరాదనుకున్నాడు వాడు. ప్రతి గదికీ ఒక నంబరు. కరెంటు ఎంత కాలుతోంది, ఏడాదిలో ఎంతమంది వాడుకున్నారు, ఎన్ని వ్యాసాలు వచ్చాయి, ఇవి మాత్రమే తన ముందుకు రావాలి. పేరు రాకూడదు.

సభపెట్టి చెప్పాడు. "మా అక్క పనిచేసే గది కూడా ఈ నంబర్లలో ఎక్కడో ఉంది. అదెక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోను." చప్పట్లు మోగాయి. అక్క కూడా కొట్టింది. ఇంటికొచ్చి, "ఎంత బాగా మాట్లాడాడో," అని మురిసిపోయింది.

బూజులకు ప్రశంసాపత్రాలు రావు. వాటిని వాడుకునేవాళ్ళు పదేళ్ళకొకసారి వస్తారు, వచ్చిన రోజు అవి బతికి ఉండాలి, అంతే. కరెంటు మాత్రం రోజూ కాలుతుంది. నంబర్లు వరసగా పేర్చినప్పుడు ఆ గది అడుగున పడింది.

ఇంతవరకూ జరిగింది మూర్ఖత్వం. వడ్రంగి మూర్ఖత్వాన్ని క్షమించగలడు. జీవితమంతా ప్రొఫెసర్ల మధ్య పనిచేసినవాడు ఆ అలవాటు లేకపోతే బతకలేడు.

కానీ ఆ రోజు వడ్రంగి ఆ హాల్లో ఉన్నాడు. పెద్దల సమావేశం జరిగే హాలు తలుపు కీచుమంటోందని అతన్నే పిలిపించారు. మోకాళ్ళ మీద కూర్చుని కింది బందు బిగిస్తున్నాడు. లోపల రిజిస్ట్రారు నంబర్ల వెనక పేర్లు ఒక్కొక్కటే విప్పి చదువుతున్నాడు. అచ్చుయంత్రాల గది. పాత మ్యాపుల గది. బూజుల గది.

వీసీ తలెత్తాడు. తలుపు దగ్గరున్న బావను చూశాడు. చూసినట్టు వడ్రంగి చూశాడు.

"అయ్యా, కావాలంటే దీన్ని మళ్ళీ పరిశీలించవచ్చు," అన్నాడు రిజిస్ట్రారు మెల్లగా.

వీసీ గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు. "పేరు చూశాక మారిస్తే పేరు దాచడం ఎందుకు?" అన్నాడు. సంతకం పెట్టాడు.

తెలియక పెట్టలేదు. తెలిశాకే పెట్టాడు. వడ్రంగి చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. బందు బిగించడం పూర్తిచేశాడు. ఆ తలుపు ఈనాటికీ కీచుమనదు.

ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. ఆమె అడిగింది.

"వాడికి తెలిసే పెట్టాడా?"

"నా కళ్ళతో చూశాను. నన్ను చూసి మరీ పెట్టాడు."

"అయితే వాడికి ఎంత కష్టమయిందో."

"కష్టమా? వాడికా? నేను పోయి అడుగుతాను, ఉండు. పదిమందిలో కడిగేస్తాను."

"మీరు వెళ్ళారంటే నా మీద ఒట్టే. వాడు ఒక నియమం పెట్టుకున్నాడు. అక్క ఏడ్చిందని దాన్ని తప్పితే రేపు వాడి మాటకు విలువేముంటుంది?"

"నీ గది పోతుందే!"

"పోతుంది," అంది ఆమె. లేచి వెళ్ళి కంచాలు కడిగింది.

ట్యూబులన్నీ ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద యంత్రంలో పెట్టి ఉడికించి పారేయమన్నారు. ఇంకొకరి చేత చేయించనని, ఆమే పెట్టింది. పెంచిన చేతులతోనే. తన బల్ల మీది టేకుస్టాండు నిండేటన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుంది, ఎవరినీ అడక్కుండా. గాజు మీది నంబర్లు తుడిచేసింది. అవి యూనివర్సిటీవి. కాగితాల మీద పేర్లు తనవి. అవి ఉంచుకుంది. ట్యూబుల్లో మందపాటి నూనె పోసింది. నూనె కింద బూజు ఊపిరి బిగబట్టి ఏళ్ళు ఉండగలదట. వంటింట్లో ఫ్రిజ్ కింది అరలో కూరగాయలు తీసేసి స్టాండు పెట్టింది.

"బూజు పట్టకుండా దాచుకునే ఫ్రిజ్‌లో ఇప్పుడు బూజుకేనా చోటు?" అన్నాడు వడ్రంగి, నవ్విద్దామని.

ఆమె నవ్వలేదు. ఆ తర్వాత నవ్విన గుర్తు లేదు. రిటైరయింది. ఏ పనీ చెయ్యబుద్ధి కాదనేది. ఒంట్లో నెత్తురు తగ్గింది. ఆసుపత్రి, ఇల్లు, ఆసుపత్రి. చివరిసారి మంచం మీద నుంచి వడ్రంగి చొక్కా అంచు పట్టుకుంది.

"వాడు ఎప్పటికైనా అడుగుతాడండీ. ఫ్రిజ్‌లోవి. అడిగితే ఇచ్చెయ్యండి. సాధించొద్దు."

వడ్రంగి తల ఊపాడు. చావబోయే మనిషి ముందు తల ఊపకుండా ఎవడుంటాడు.

ఆమె పోయిన రోజు తమ్ముడు వచ్చాడు. కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. వడ్రంగి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. వడ్రంగి పక్కకు జరిగి, "దయచేయండి సార్, మీకు పనులుంటాయి," అన్నాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి 'ఏరా' అని పిలిపించుకున్నవాడు. ఆ 'సార్' చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. తగలాలనే అన్నాడు.

అక్కడితో మాటలు ఆగిపోయాయి.

ఆమె పోయి నాలుగో ఏడు నడుస్తుండగా కూతురు ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో నర్సు. డ్యూటీ మధ్యలో చేసింది, వెనక ట్రాలీల చప్పుడు.

"నాన్నా, మామయ్య నీ దగ్గరికి వస్తాడట. ఏదో ఇబ్బందిలో ఉన్నాడు. తలుపు తియ్యి చాలు."

"తలుపు నేను చేసిందే. తీస్తే తెరుచుకుంటుంది."

"నువ్వు తియ్యాలి కదా అనేది."

"పేషెంటును చూసుకో," అని పెట్టేశాడు.

సాయంత్రం కారు వచ్చింది. వీసీ ఒక్కడే దిగాడు. జుట్టు బాగా నెరిసింది. కోటు భుజాల దగ్గర వదులయింది. గుమ్మంలో చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు నిలబడ్డాడు, చదువుకున్నన్నాళ్ళూ అక్కడే విడిచినవాడు.

"బావా, బాగున్నావా?"

"బాగున్నానండి. దయచేయండి. ఆ కుర్చీ వద్దండి, ఇది మెత్తగా ఉంటుంది."

"ఆ 'అండి' ఏంటి బావా?"

"పెద్ద పదవిలో ఉన్నవారు. పెన్షన్ మీద బతికేవాణ్ణి, నోరు జారకూడదు. మీ డ్రైవరు ఎండలో ఉన్నాడు, లోపలికి రమ్మనండి. ఆయన ఎవరికీ ఏ అన్యాయం చెయ్యలేదు."

డ్రైవరు వచ్చి మంచినీళ్ళు తాగి, గదిలోని గాలి వాసన పట్టినవాడిలా వెంటనే బయటికి పోయాడు.

వీసీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. రెండు దేశాల వాళ్ళు అతని పాత ప్రయోగం మళ్ళీ చేసి చూశారట. తమ దగ్గరున్న అలాంటి బూజుతో చేస్తే బంగాళాదుంపలు కుళ్ళాయట. మీ అసలు బూజు పంపండి, దానితో చేసి చూస్తాం అని రాశారట.

"పంపండి మరి," అన్నాడు వడ్రంగి.

"నా దగ్గర లేదు."

"ఎందుకు లేదండి?"

"గది మూసేశాం కదా."

"ఎవరు మూశారండి?"

"నేనే."

"ఆ. ఏమో, నాకు గుర్తు లేక అడిగాను. వయసు."

వడ్రంగి గోడ వైపు చూశాడు. గోడగడియారం తన పని తను చేసుకుంటోంది.

"పంపకపోతే ఏమవుతుందండి?"

"వ్యాసం వెనక్కి తీసుకోమంటారు. కుర్చీ పోతుంది. దాని సంగతి వదిలెయ్యి, ఎప్పుడైనా పోయేదే. కానీ నేను అబద్ధం రాశానంటారు బావా. జీవితమంతా నేను చేసింది అదొక్కటే. తర్వాత చేసినవన్నీ సంతకాలే. నేను అబద్ధం రాయలేదు. నువ్వు చూశావు, మన వంటింట్లోనే కదా మొదట పెట్టింది ఆ బంగాళాదుంపలు."

"చూశాను," అన్నాడు వడ్రంగి. నిజం నిజమే. "కుళ్ళలేదు."

"అక్క ఇంటికి కొన్ని తెచ్చుకుందని అమ్మాయి చెప్పింది. అందులో అది ఉందా బావా?"

అడిగాడు. అడుగుతాడని ఆమె అన్నట్టే అడిగాడు. ఊపిన తలను వడ్రంగి వెనక్కి తీసుకోలేడు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

ఫ్రిజ్ తెరిచి స్టాండు బయటికి తీశాడు. ట్యూబులు చల్లగా, చెమ్మగా ఉన్నాయి. లోపల అన్నీ ఒకేలా ఉన్నాయి, నూనె కింద బూడిదరంగు ముద్దలు. కాగితాల మీది పేర్లే వేరు. గుండ్రటి అక్షరాలు, కొమ్ములు పొడుగ్గా. మొండిఘటం. నిద్రమొహం. అత్తగారు. ముందు వరసలో, చెయ్యి పెట్టగానే తగిలేలా, చిన్నోడు.

మొత్తం గదిలోంచి ఆమె ఏది ముందు కాపాడుకుందో ఆ వరస చెబుతోంది. ఆమె గదిని మూసినవాడి పేరు. ఆమె ఉడికించకుండా ముందుగా చంకన పెట్టుకొచ్చిన పేరు. ఈ ట్యూబు చేతిలో పడగానే వాడు చదువుతాడు. చదివి, అక్క నన్ను క్షమించింది అనుకుంటాడు. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతాడు.

వడ్రంగి సింకు కొళాయి తిప్పాడు.

మొదట దాన్నే పెట్టాడు నీళ్ళ కింద. గోధుమపిండి జిగురుతో అంటించిన కాగితం. బొటనవేలితో రుద్దితే మెత్తబడి వచ్చేసింది. ఇంకు నీలంగా కారి జాలీలోకి పోయింది. తర్వాత మొండిఘటం. తర్వాత నిద్రమొహం. ఒక్కటీ వదల్లేదు. ట్యూబులను కలిపి, ఏది ఎక్కడుందో తనకే తెలియకుండా స్టాండులో గుచ్చి, పంచెతో తుడిచి, తెచ్చి వీసీ ముందు పెట్టాడు.

"ఇవిగోండి. మీ అక్క ఇవ్వమంది. ఇచ్చాను. ఇందులో మీది కూడా ఉంది."

వీసీ ఒక ట్యూబు తీసి కిటికీ వెలుతురుకు పెట్టి తిప్పాడు. ఇంకొకటి తీశాడు. "వీటి మీద ఏం లేవేంటి?"

"తీసేశానండి. పేరు తెలిస్తే కన్ను మోసం చేస్తుందని తమరే కదా సెలవిచ్చారు. నిష్పక్షపాతంగా ఏరుకోండి."

తను ఎన్నాళ్ళుగానో నోట్లో నానబెట్టుకున్న మాట. అన్నాక వాడి మొహం కోసం చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు. ఎక్కడ ఏ బూజుందో వెతకాలన్న భయం వస్తుందనుకున్నాడు. అవి రాలేదు. వీసీ తడిగా ఉన్న గాజు మీద వేలు పెట్టి, జిగురు మరక మీద అటూ ఇటూ రాశాడు.

"అక్క చేతిరాత ఉండేదా వీటి మీద?"

వడ్రంగి చేతికంటిన తడిని పంచెకు తుడుచుకున్నాడు.

"ఏరడం ఏముంది బావా, అన్నీ పెంచి చూస్తే తెలుస్తుంది. ఎర్రగా తిరిగేది అదే. పని ఎక్కువ, అంతే. కానీ చేతిరాత... నా దగ్గర అక్క రాసిన ముక్క ఒక్కటీ లేదు. పక్కింట్లో ఉన్నట్టు ఉండేవాళ్ళం, ఉత్తరాలు ఎందుకు రాస్తుంది? నీ దగ్గర ఇంకేమైనా ఉందా?"

అప్పుడు వడ్రంగికి అర్థమయింది. ఆమె ఉత్తరాలు రాయలేదు. డైరీ రాయలేదు. సామాన్ల చీటీలు ఏ రోజువి ఆ రోజు పోయాయి. గదిలో రాసినవన్నీ గదితోపాటు పోయాయి. భూమి మీద ఆమె చేతిరాత మిగిలింది ఆ ట్యూబుల మీదే. తెల్లారి లేచి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా అతను చూసుకున్నదీ, చూసుకుంటున్నానని తెలియకుండా చూసుకున్నదీ అదే.

వీసీ ఏడుస్తున్నాడు. మడతమంచం రోజుల్లో ఏడ్చినట్టే, ముక్కు ఎగబీల్చుకుంటూ. "ఏడవకురా" అన్న మాట వడ్రంగి నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"పొద్దుపోతోంది సార్. స్టాండు జాగ్రత్త. అది నాది, తిరిగి పంపండి."

కారు వెళ్ళాక సింకు దగ్గరికి పోయాడు. జాలీలో చిక్కుకున్న కాగితం ముద్దలు గోటితో తీసి, విప్పగలిగినవి విప్పి, కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు. పొద్దున్నకు ఆరాయి. వాటి మీద ఏమీ లేదు.

ఎండలు ముదిరాక వీసీ మళ్ళీ వచ్చాడు. ఈసారి కోటు లేదు. చేతులకు పుల్లటి ల్యాబ్ వాసన, గోళ్ళ చివర్ల మరకలు. స్టాండు తిరిగి తెచ్చాడు.

పనివాళ్ళకు అప్పగించకుండా తనే కూర్చుని పెంచాడట. కొన్ని చచ్చిపోయాయట, చాలావరకు లేచాయట. వాటిలో ఒకటి ఇటుకరంగు తిరిగిందట. రెండు దేశాలకూ పంపాడు, వాళ్ళ బంగాళాదుంపలు కుళ్ళలేదు. వ్యాసం నిలబడింది. కుర్చీ నిలబడింది. ఇవన్నీ పేపర్లో వచ్చాయి, వడ్రంగి చదివాడు, కూరగాయల తొక్కలు ఆ పేపర్లోనే చుట్టి పారేశాడు.

"ఇంకేం కావాలండి?"

"దాన్ని పెద్ద బూజుల సంగ్రహాలయంలో దాస్తున్నారు బావా. మనం పోయినా అది ఉంటుంది. పెంచినవాళ్ళు ఏ పేరుతో పిలుచుకున్నారో అది కూడా రాస్తారు అక్కడ. అది..."

"మీ పద్ధతి. తెలుసు. మీ అక్క చెప్పింది."

"అక్క పేరు రాశాను, పెంచింది ఈమె అని. దాని పక్కన అక్క పెట్టిన పేరు రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంది. దాని కాగితం మీద ఏముండేది బావా? నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు రోజూ చూసేవాడివి."

వడ్రంగి స్టాండు చేతిలోకి తీసుకున్నాడు. పాలిష్ ఒక మూల పోయింది. బొటనవేలితో ఆ మూల తడిమాడు.

ఒక్క మాట. మూడక్షరాల మాట. చెబితే ఆమె మాట లోకంలో ఉంటుంది, ఎన్ని చేతులు మారినా. చెబితే ఈ ఎదురుగా కూర్చున్నవాడికి ఇన్నేళ్ళూ తెలియనిది తెలుస్తుంది. అక్క తనను పొద్దున్నే పలకరించి, తనకు మేత మార్చి, తను పాలిపోతే దిగులుపడి, తను మూసేసిన గదిలోంచి తననే ముందుగా ఇంటికి తెచ్చుకుందని. ఆమెకు ఏం కావాలో వడ్రంగికి తెలుసు. సాధించొద్దు అని చొక్కా పట్టుకుని మరీ చెప్పింది. ఇవ్వమన్నది ఇచ్చాడు. ఈ మాట ఇవ్వమని అనలేదు.

"ఒక్క మాట బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పేరేం లేదండి."

"ప్రతిదానికీ పెట్టేది అక్క. నువ్వే చెప్పి నవ్వేవాడివి."

"పేర్లు లేవు. నేను చూడలేదు. తమరు నేర్పించిందే, పేరు చూడకూడదని."

వీసీ లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కారెక్కాడు. అతను వెళ్ళిన తర్వాత కూడా వడ్రంగి స్టాండును పట్టుకునే ఉన్నాడు. దాన్ని ఫ్రిజ్ కింది అరలో, ఉండే చోట, ఉత్తదే పెట్టాడు.

కూతురు ఫోన్ చేసింది. ఈసారి వెనక చప్పుడేమీ లేదు.

"మామయ్య ఏడుస్తున్నాడు నాన్నా. ఆ బూజుకు అమ్మ ఏం పేరు పెట్టింది? నాకు చెప్పు, నేను చెబుతాను. నువ్వు ఆయనతో మాట్లాడక్కర్లేదు."

"అది నాకూ మీ అమ్మకూ మధ్య మాట. నీకెందుకు?"

"అమ్మది నాన్నా. అమ్మ రాసింది. నీ ఒక్కడి దగ్గరే ఉంటే, నీతోపాటే పోతుంది."

వడ్రంగి కిటికీ గట్టు వైపు చూశాడు. తెల్లకాగితాలు అక్కడే ఉన్నాయి, గాలికి ఎగరకుండా వాటి మీద ఒక మేకు.

"పోనీ," అన్నాడు. "దీని గురించి నన్ను ఇంకెప్పుడూ అడగొద్దు. మీ మామయ్యా అడగొద్దు. నేను మాట్లాడను."